నౌకాదళ శిక్షణ రేంజ్‌కి సముద్రంలో చోటు ఎలా ఎంచుకుంటారు? జాక్సన్‌విల్ అనుభవం, విశాఖ ప్రశ్న

మీరు అడిగింది ఇది: జలాంతర్గాముల వేట నేర్పే రేంజ్‌ని అమెరికా నౌకాదళం ఫ్లోరిడా తీరంలో, అంతరించిపోతున్న రైట్ వేల్ తిమింగలాలు పిల్లల్ని కనే చోటికి దగ్గర్లో ఎందుకు పెట్టింది? అంత సముద్రంలో వేరే చోటే దొరకలేదా? మన విశాఖ తీరంలో అలాంటిది పెట్టాలంటే ఏం చూడాలి?

సముద్రం అడుగున కేబుళ్లు వేసే ముందు జరిగే సర్వేల్లో చాలా ఏళ్లు పనిచేశాను. రేంజ్ అంటే ప్రధానంగా కేబుళ్లు, వాటికి తగిలించిన హైడ్రోఫోన్లే (నీటిలో శబ్దాన్ని వినే మైక్రోఫోన్లు) కాబట్టి ఈ విషయం నాకు దగ్గరిదే. ఇక్కడ చెప్పేదంతా బహిరంగంగా ఉన్న సమాచారమే.

వేరే చోట్లు దొరికాయి. చివరి పరిశీలనకు నాలుగు చోట్లు వచ్చాయి: వర్జీనియాలో వాలప్స్ ద్వీపం ఎదురుగా ఒకటి, నార్త్ కరోలినాలో ఆన్‌స్లో బే, సౌత్ కరోలినాలో చార్ల్స్‌టన్, ఫ్లోరిడాలో జాక్సన్‌విల్. సాంకేతికంగా నాలుగింటిలో ఎక్కడైనా రేంజ్ కట్టొచ్చు. జాక్సన్‌విల్ ఎందుకు గెలిచిందో తెలియాలంటే వాళ్లు ఏ షరతుని ముందు పెట్టారో, దేన్ని చివరికి నెట్టారో చూడాలి. నా ఉద్దేశంలో చోటు ఎంపిక మొత్తం ఆ వరుసలోనే ఉంది. అవే షరతుల్ని ఇంకో వరుసలో పెడితే ఇంకో చోటు పైకి వచ్చేది.

ముందు రేంజ్ అంటే ఏమిటో చెప్పాలి. యుద్ధనౌక, హెలికాప్టర్, విమానం, జలాంతర్గామి అన్నీ కలిసి సాధన చేస్తున్నప్పుడు నీటి అడుగున ఎవరు ఎక్కడున్నారో తర్వాత చూసి నేర్చుకోవడానికి రికార్డు కావాలి. నీళ్లలో జీపీఎస్ పనిచేయదు. అందుకని పాల్గొనే ప్రతి జలాంతర్గామికీ, సాధన టార్పెడోకీ ఒక పింగర్ పెడతారు. అది నిర్ణీత వ్యవధిలో శబ్దం చేస్తుంది. అడుగున పరిచిన హైడ్రోఫోన్లు ఆ శబ్దాన్ని ఒక్కొక్కటి ఒక్కో క్షణంలో వింటాయి. ఆ తేడాల నుంచి స్థానం లెక్కగడతారు.

జాక్సన్‌విల్ రేంజ్ విస్తీర్ణం సుమారు 500 చదరపు నాటికల్ మైళ్లు, అంటే 1,700 చదరపు కిలోమీటర్ల పైనే. పాత జీహెచ్‌ఎంసీ పరిధి 650 చదరపు కిలోమీటర్లు అనుకుంటే దానికి రెండున్నర రెట్లు. అంత మేర గరిష్ఠంగా 300 పరికరాలు పరచాలని ప్రణాళిక. భాగిస్తే ఒక్కోదాని వంతుకి అయిదున్నర చదరపు కిలోమీటర్లు వస్తాయి, అంటే రెండింటి మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువ. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ దూరం దాటడానికి సెకనున్నర పైచిలుకు పడుతుంది. శబ్దవేగం అంచనాలో సెకనుకి 5 మీటర్ల తప్పు ఉంటే స్థానంలో దాదాపు 8 మీటర్ల తేడా వస్తుంది. నీటి ఉష్ణోగ్రత ఒకటిన్నర, రెండు డిగ్రీలు మారితే చాలు, వేగం అంత మారుతుంది. అందుకే చోటు ఎంపికలో లోతు మ్యాపుతో పాటు ఆ నీళ్లలో ఏ రుతువులో ఏ లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు ఉంటుందో తెలియడం తప్పనిసరి.

ఇక వడపోత. మొదటి షరతు లోతు. అమెరికాకి అప్పటికే మంచి రేంజ్‌లున్నాయి. బహామాస్‌లోని ఆండ్రోస్ ద్వీపం పక్కన ‘టంగ్ ఆఫ్ ది ఓషన్’ అనే లోతైన అఖాతంలో 1960ల నుంచి ఆటెక్ అనే రేంజ్ నడుస్తోంది. అక్కడ లోతు 1,300 నుంచి 2,000 మీటర్ల దాకా ఉంటుంది, చుట్టూ దిబ్బలు అడ్డుగా ఉండటంతో బయటి ఓడల రొద తక్కువ. టార్పెడోని పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. కానీ డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గాములు అలాంటి లోతుల్లో దాక్కోవు. బ్యాటరీ మీద నిశ్శబ్దంగా, తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలో పొంచి ఉంటాయి.

ఆ నీళ్లలో సోనార్, అంటే శబ్దంతో నీటి అడుగున వెతికే పరికరం, పని చాలా కష్టం. పైనున్న వెచ్చటి పొర శబ్దాన్ని కిందికి వంచుతుంది. అది అడుగుకి తగిలి, పైకి లేచి, మళ్లీ కిందికి వెళ్తుంది. ఇసుక అడుగైతే ప్రతిధ్వని ఎక్కువ, బురద అడుగైతే శబ్దాన్ని మింగేస్తుంది. మునిగిన ఓడ, రాతి గుట్ట, చేపల గుంపు అన్నీ తెర మీద జలాంతర్గామిలాగే కనిపిస్తాయి. ఏది ఏదో చెప్పగలగడం సాధనతోనే వస్తుంది, లోతైన నీళ్లలో చేసిన సాధన ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

1971 డిసెంబర్ 9న డయ్యూ తీరానికి దూరంగా ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది పాకిస్తాన్‌కి చెందిన హంగోర్ అనే డీజిల్ జలాంతర్గామే. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. 2010 మార్చిలో దక్షిణ కొరియా నౌక చియోనాన్ లోతు తక్కువ నీళ్లలో మునిగి 46 మంది చనిపోయారు. ఉత్తర కొరియా చిన్న జలాంతర్గామి వేసిన టార్పెడో వల్లనే అని అంతర్జాతీయ దర్యాప్తు బృందం తేల్చింది. ఈ శిక్షణ అనవసరం అనేవాళ్లతో నేను ఏకీభవించను. అది ఓడలో ఉన్నవాళ్ల ప్రాణానికి సంబంధించిన విషయం.

కాబట్టి 120 నుంచి 900 అడుగుల లోతు కావాలన్నారు. ఇది న్యాయమైన షరతు. దీంతో ఖండపు అంచు మెట్ట, అంటే షెల్ఫ్ చివర, దాని వాలు మొదలయ్యే చోటు తప్ప మిగతా సముద్రమంతా జాబితాలోంచి పోయింది.

రెండోది దూరం. మ్యాపులు చూసేవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ ఎక్కువ బరువు దీనిదే. వర్జీనియాలోని పెద్ద నౌకాస్థావరం నార్‌ఫోక్ నుంచి బహామాస్‌కి 15 నాట్ల (గంటకి 15 నాటికల్ మైళ్ల) వేగంతో వెళ్లాలంటే రెండు రోజుల పైనే పడుతుంది. రానుపోను నాలుగు రోజుల ఇంధనం, సిబ్బంది సమయం ఖర్చయితే సాధనకి దొరికేది అందులో చిన్న వంతు. 50 నాటికల్ మైళ్ల దూరంలో రేంజ్ ఉంటే అదే ఓడ మూడున్నర గంటల్లో చేరుతుంది, హెలికాప్టర్ అరగంటలోపే. హెలికాప్టర్‌కి ఈ తేడా మరీ ముఖ్యం. ప్రయాణానికే ఇంధనం అయిపోతే సోనార్‌ని నీళ్లలోకి దించి వినే సమయం ఎక్కడిది?

2005 అక్టోబర్‌లో వచ్చిన మొదటి ముసాయిదాలో నౌకాదళం కోరుకున్న చోటు ఆన్‌స్లో బే. 2008 సెప్టెంబర్‌లో సవరించిన ముసాయిదా వచ్చేసరికి అది జాక్సన్‌విల్ అయింది. మధ్యలో సముద్రం ఏమీ మారలేదు. మారింది స్థావరాలు. 2005 నాటి స్థావరాల మూసివేత నిర్ణయంతో మెయిన్ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్‌లో ఉన్న పీ-3 గస్తీ విమానాలు జాక్సన్‌విల్‌కి రావాల్సి వచ్చింది. జలాంతర్గాముల్ని వేటాడే హెలికాప్టర్లు అక్కడా, పక్కనే మేపోర్ట్‌లోనూ ఉన్నాయి. మేపోర్ట్‌లో యుద్ధనౌకలు, కాస్త ఉత్తరాన జార్జియాలోని కింగ్స్ బేలో జలాంతర్గాములు. అన్నీ ఒక చోట చేరాక దూరం అనే షరతు తూకాన్ని దక్షిణానికి వంచేసింది. కేబుల్ ఒడ్డుకి చేరే చోటు కూడా మేపోర్ట్ స్థావరం లోపలే కాబట్టి భూసేకరణ గొడవ లేదు. ఒడ్డు చేర్చే చివరి కొన్ని కిలోమీటర్ల దగ్గరే సగం ప్రాజెక్టులు చిక్కుకుంటాయని ఈ రంగంలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

వాతావరణం, ప్రవాహం గురించి క్లుప్తంగా చెబుతాను. వాలప్స్ దగ్గర శీతాకాలంలో సముద్రం గట్టిగా ఉంటుంది, సాధన రోజులు తగ్గుతాయి, నీళ్లలోకి వేసిన టార్పెడోని తిరిగి తెచ్చుకోవడం కూడా కష్టం. దక్షిణాది చోట్లకి ఆ ఇబ్బంది తక్కువ, బదులుగా గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం పక్కనే ఉంటుంది. ఆ ప్రవాహం అంచున వెచ్చటి నీరు, చల్లటి నీరు కలిసే గీత రోజురోజుకీ కదులుతుంది. శిక్షణకి అది మంచిదే, అసలు యుద్ధంలో సముద్రం నిలకడగా ఉండదు కదా. కేబుల్ వేసేవాళ్లకి మాత్రం తలనొప్పి.

అడుగు విషయంలో కేబుల్ మనిషిగా నాకు పట్టింపు ఎక్కువ. హైడ్రోఫోన్ పెట్టే చోట అడుగు సమంగా, గట్టి ఇసుకగా ఉండాలి. రాతి మీద కేబుల్ పూడ్చలేం. అలలు, ప్రవాహం దాన్ని రాతికి రాపాడించి కొరికేస్తాయి. అమెరికా ఆగ్నేయ తీరంలో ఆ రాతి నేలల మీదే స్పాంజీలు, పగడాలు పెరుగుతాయి, చేపలు చేరతాయి. అంటే ఇంజినీరు తప్పించుకోవాలనుకునే చోటూ, జీవశాస్త్రవేత్త కాపాడాలనుకునే చోటూ ఒకటే. ఇలాంటి పొత్తు అరుదుగా కుదురుతుంది, అందుకే అడుగు సర్వే మీద ఎంత ఖర్చు పెట్టినా వృథా కాదు. అడుగు మీద ఈడ్చే ట్రాల్ వలలు వాడే చోటైతే కేబుల్‌ని పూడ్చాలి, పరికరం మీద వల చిక్కకుండా జారిపోయే కవచం పెట్టాలి. లేదంటే మత్స్యకారుడి వల పోతుంది, నౌకాదళం పరికరం పోతుంది, తగువు మిగులుతుంది.

ఇప్పుడు తిమింగలాల దగ్గరికి వద్దాం. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్‌లు ఇవాళ 400 కూడా లేవు. వాటిలో పిల్లల్ని కనే ఆడవి 70 ప్రాంతంలో ఉంటాయని అమెరికా సముద్ర సంస్థ నోవా లెక్క. వేసవిలో కెనడా, న్యూ ఇంగ్లండ్ వైపు మేసి, నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్య గర్భంతో ఉన్న ఆడవి జార్జియా, ఫ్లోరిడా తీరానికి వచ్చి కంటాయి. ఈ జాతికి మనకు తెలిసిన కాన్పు చోటు అదొక్కటే. 1994లో తీరం వెంబడి ఒక పట్టీని రక్షిత ఆవాసంగా గీశారు. రేంజ్ ఆ గీతకి బయట, తీరానికి 50 నాటికల్ మైళ్ల అవతల ఉంది. కాగితం మీద అది సరిపోయినట్టే.

నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, రేంజ్ గీతకి బయట ఉన్నా మేపోర్ట్ నుంచి రేంజ్‌కి వెళ్లే ఓడ ఆ పట్టీని దాటే వెళ్లాలి. అందరూ సోనార్ గురించే మాట్లాడారు, దానికి కారణముంది: 2000 మార్చిలో బహామాస్‌లో నౌకాదళ సోనార్ సాధన తర్వాత 17 తిమింగలాలు, డాల్ఫిన్లు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. నౌకాదళం, నోవా కలిసి ఇచ్చిన నివేదికే మధ్యస్థ పౌనఃపున్య సోనార్‌ని కారణంగా ఒప్పుకుంది. కానీ అక్కడ చచ్చినవి ఎక్కువగా బీక్డ్ వేల్‌లు, లోతుకి మునిగే జాతి. రైట్ వేల్ తల్లీపిల్లా గంటల తరబడి నీటి పైభాగంలోనే ఉంటాయి. వాటిని చంపుతున్నవి ప్రధానంగా ఓడలు గుద్దడం, వలల తాళ్లకి చిక్కుకోవడం. 2008 డిసెంబర్ నుంచి 65 అడుగులు, అంతకు మించిన ఓడలు కాన్పు కాలంలో ఆ ప్రాంతంలో 10 నాట్లు దాటకూడదనే నియమం వచ్చింది. అది నౌకాదళ ఓడలకి వర్తించదు. నౌకాదళం తనంతట తాను జాగ్రత్తలు పెట్టుకుంది, విమానాల్లో వెతికే సర్వేలకు డబ్బిస్తోంది, తిమింగలం కనిపించిన సమాచారం ఓడలకి వెంటనే చేరుతుంది. అవి పనికొచ్చే జాగ్రత్తలే. అయినా రేంజ్ చతురస్రాన్ని మాత్రమే చోటుగా చూసి, దానికి వెళ్లే దారిని చోటులో భాగంగా లెక్కించకపోతే ఎంపిక సగమే జరిగినట్టు.

రెండో అభ్యంతరం సమయానిది. 2009 జూలై 31న నిర్ణయం సంతకమైంది. అందులో రేంజ్ నిర్మాణానికి అనుమతి ఉంది, అక్కడ ఎలా సాధన చేయాలన్నది తర్వాత అదనపు సమాచారంతో నిర్ణయిస్తామన్నారు. 2010 జనవరిలో పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్లాయి. ముందు కట్టేసి తర్వాత ఆలోచిస్తారా అన్నది వాళ్ల ప్రధాన వాదన. ఆ రెండు నెలల తర్వాతే, 2010 మార్చిలో, ఆ ప్రాంతంలో సర్వే చేస్తున్న విమానం నుంచి ఒక రైట్ వేల్ పిల్లని కనడం చూశారు. అది రక్షిత గీతకి బయట, తీరానికి చాలా దూరంలో జరిగింది. అంటే గీత గీసినప్పుడు తీరం దగ్గరే ఎక్కువగా వెతికారు కాబట్టి అక్కడే ఎక్కువగా కనిపించాయి. దూరంగా లేవన్నది అప్పటికి తేలిన విషయం కాదు. 2016లో ఆ రక్షిత ప్రాంతాన్ని నార్త్ కరోలినాలోని కేప్ ఫియర్ నుంచి ఫ్లోరిడాలోని కేప్ కెనవెరల్ దాకా పెంచారు.

కోర్టుల్లో నౌకాదళమే గెలిచింది, 2012లో జార్జియా ఫెడరల్ కోర్టులో, 2013లో అప్పీలు కోర్టులో. చట్టం అడిగిన పరిశీలన చేశారా లేదా అన్నదే కోర్టు చూస్తుంది, ఏది మంచి చోటో కోర్టు చెప్పదు. ఆ తీర్పుల్ని చోటు సరైనదని ఇచ్చిన సర్టిఫికెట్‌గా చదవొద్దని మీకు నా విన్నపం. నా మటుకు నేనైతే నాలుగు చోట్ల మీదా రెండేళ్ల పాటు, తీరానికి 60, 70 మైళ్ల దాకా విమాన సర్వేలు, నీటి అడుగున శబ్ద రికార్డర్లు ముందు నడిపి, ఆ తర్వాతే దూరం అనే షరతుని తూకంలో వేసేవాణ్ని. 300 పరికరాల ఖర్చులో అది చిన్న భాగమే. ఒకసారి పరిచిన కేబుల్‌ని ఎవరూ ఇంకో చోటికి మార్చరు.

విశాఖ సంగతి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, టార్పెడోల్ని రూపొందించే డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచి ఉన్న ఊరు కాబట్టి ఈ ప్రశ్న మీకు రావడం సహజం. భవిష్యత్తులో ఎప్పుడైనా ఎవరైనా మన తీరంలో చోటు వెతికితే చూడాల్సినవి జాక్సన్‌విల్ కంటే చాలా వేరుగా ఉంటాయి.

జాక్సన్‌విల్ ఎదురుగా షెల్ఫ్ వంద కిలోమీటర్లకు పైగా వెడల్పు. మన దగ్గర అందులో సగం కూడా ఉండదు, తర్వాత అడుగు చటుక్కున జారిపోతుంది. అంటే కావలసిన లోతు తీరానికి చాలా దగ్గర్లో దొరుకుతుంది, కానీ సన్నటి పట్టీగా దొరుకుతుంది. చతురస్రం బదులు తీరం వెంబడి పొడుగాటి రేంజ్ వస్తుంది. ఆ పట్టీలోనే మర బోట్లు వేటాడతాయి, ఆ దారినే విశాఖ, గంగవరం ఓడరేవుల ఓడలు వెళ్తాయి. కాస్త దక్షిణానికి జరుగుదామంటే గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన మెత్తటి బురద, కేజీ బేసిన్ గ్యాస్ బావులు, పైపులైన్లు.

నీళ్లు కూడా వేరే తరహా. గంగా బ్రహ్మపుత్రల నుంచి మన గోదావరి దాకా నదులన్నీ మంచినీళ్లు పోయడంతో బంగాళాఖాతం పైపొర ఉప్పు తక్కువగా, తేలిగ్గా ఉండి కింది నీటితో త్వరగా కలవదు. తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ తర్వాత దక్షిణానికి పోతుంది. ఏప్రిల్‌లో కొలిచిన శబ్దవేగంతో నవంబర్‌లో లెక్కలు వేస్తే పనికిరావు. ఈ సమాచారం కోసం బయటికి పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దగ్గర తేలియాడే ఆర్గో పరికరాల కొలతలు ఏళ్ల తరబడివి ఉన్నాయి.

మన దగ్గర రైట్ వేల్ స్థానంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. శీతాకాలంలో తీరానికి చేరి జనవరి నుంచి మార్చి వరకు ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటికి సోనార్ కంటే ట్రాల్ వల, ఓడ ప్రమాదకరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కాబట్టి, అడుగున కేబుల్ వేసే పనికి సహజంగా ఆ రెండు నెలలే అనుకూలం: మర బోట్లు ఒడ్డున ఉంటాయి, గుడ్లు పెట్టే కాలం దాదాపు ముగుస్తుంది. అయితే సంప్రదాయ తెప్పలు, నాటు పడవలు ఆ నిషేధం కిందికి రావు. వాళ్లు ఏ నెలలో ఎన్ని బారల లోతుకి వెళ్తారో ఏ ఉపగ్రహ పటంలోనూ ఉండదు. పెదజాలరిపేట, ముత్యాలమ్మపాలెం, పూడిమడక లాంటి ఊళ్లలో కూర్చుని అడగాలి, వాళ్లు చెప్పింది మ్యాపు మీద గీయాలి, గీసింది మళ్లీ వాళ్లకే చూపించి సరిచూసుకోవాలి. ఇది సర్వే మొదటి నెలలోనే జరగాలి.

చట్టం వైపు నుంచి ఒక ముఖ్యమైన విషయం. మన తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 12 నాటికల్ మైళ్ల వరకే. అమెరికాలోనూ 12 మైళ్ల లోపల ఒక చట్టం, అవతల అధ్యక్షుడి ఉత్తర్వు 12114 వర్తిస్తాయి, అందుకే జాక్సన్‌విల్‌కి రెండింటినీ కలిపిన నివేదిక తయారుచేసి ప్రజల ముందు పెట్టారు. ఆ ప్రక్రియలో ఎన్ని లోపాలున్నా, ఏ చోటుని ఎందుకు వద్దన్నారో సామాన్యుడు కూడా చదవగలిగాడు. రక్షణ ప్రాజెక్టుల్లో హైడ్రోఫోన్ల స్థానాలు రహస్యంగా ఉండాల్సిందే, దాన్ని ఎవరూ కాదనరు. తాబేళ్ల సర్వే, వేట పటం, పని జరిగే నెలలు రహస్యం కానక్కర్లేదు. మీ ఊరి ఎదురుగా ఇలాంటి ప్రతిపాదన ఎప్పుడైనా వస్తే ముందుగా ఆ మూడూ అడగండి. నాలుగోది, ఓడలు రేవు నుంచి రేంజ్‌కి వెళ్లే దారి.